గొళ్ళెం లోపలికి మార్చిన మనిషి

పోయిన వారం హొసపేటె వైపు నుంచి నలుగురు పెద్దమనుషులు మా ఇల్లు చూడడానికి వచ్చారు. మా ఇల్లు అంటే వృద్ధాశ్రమం. ఆశ్రమం అనే మాట దీన్ని నడిపినామెకు గిట్టేది కాదు. "వీళ్ళేమన్నా సన్యాసం తీసుకున్యారా?" అనేది. అందుకని నేనూ ఇల్లనే అంటాను. తోరణగల్లు దాటి కూరెకుప్పకు పోయే వైపు, ఉక్కు ప్లాంటు సైరన్ వినిపించేంత దూరంలో ఉంది. ముప్పై మందిమి ముసలివాళ్ళం ఉంటాము. ఎవరి గది వాళ్ళది. వంట, మందులు, ఒళ్ళు తోమడం, చెయ్యి పట్టి నడిపించడం, ఎవరికెంత సాయం కావాలో అంత చేసే మనుషులు ఉంటారు.

వచ్చినవాళ్ళు తమ ఊళ్ళో ఇట్లాంటిదే పెట్టాలనుకుంటున్నారట. వాళ్ళలో కళ్ళద్దాలాయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, దీన్ని నడిపే పద్ధతి అంతా రాసిన కాగితం ఏదైనా ఉంటే ఇప్పించమన్నాడు. మా కమిటీ అధ్యక్షుడు వాళ్ళ పక్కనే ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"కాగితం లేదు సార్. నడిపిన మనిషి పోయి ఏడాదయింది. ఈ అవ్వకు తెలుసు, అడగండి."

"అడిగితే చెప్పేది కాదప్పా. రాసిస్తా," అన్నాను.

కళ్ళద్దాలాయన నా వైపు చూశాడు. నాట్లు వేసి వేసి వంగిపోయిన నడుము, కాయలు కాచిన చేతులు. ఇది ఏం రాస్తుందనుకుని ఉంటాడు. డెబ్బై దాటాక నేర్చుకున్న రాత నాది. ఒత్తులు ఇప్పటికీ నాతో గొడవ పడతాయి. అయినా రాస్తున్నాను. పద్ధతులు కావాలంటే ఆ మనిషిని చెప్పాలి, వేరే దారి లేదు.

ఆమె పేరు రాయను. గేటు మీద తన పేరు చెక్కిస్తామని కమిటీవాళ్ళు ఒకసారి అంటే, "నా పేరు ఎందుకప్పా? ఎవురి తలుపు మీద వాళ్ళ పేరు రాయించండి సాలు," అంది. మా తలుపుల మీద మా పేర్లున్నాయి. గేటు ఇప్పటికీ బోడిగానే ఉంది.

ఇక్కడికి రాకముందు ఆమె ప్లాంటు క్యాంటీన్లో సూపర్‌వైజరు. పొట్టి మనిషి, లావు మణికట్లు. మగవాళ్ళ గడియారం, అదీ లోపలి వైపుకు తిప్పి కట్టుకునేది. చీర కింద ప్లాంటువాళ్ళ ఇనుప మూతి బూట్లు. వసారాలో టక్కు టక్కున వస్తుంటే ఎవరో పోలీసు వస్తున్నాడని కొత్తవాళ్ళు జడుసుకునేవాళ్ళు. కానీ ఏ గది ముందుకు వచ్చినా ఆ బూట్లు విప్పేది. విప్పడం, తొడుక్కోవడం, మళ్ళీ విప్పడం. రోజుకు ముప్పై గదులు. "చెప్పులేసుకోకూడదా?" అంటే, "అలవాటైపోయిండాదిలే," అనేది.

నన్ను ఇక్కడ ఎవరూ వదిలిపెట్టలేదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే చదివేవాళ్ళు నా కొడుకును తిడతారు. కొడుకు, కోడలు ఇద్దరూ ప్లాంటులోనే, వేర్వేరు షిఫ్టులు. ఒకసారి స్టవ్వు మీద పాలు పెట్టి మరిచిపోయి ఇల్లంతా పొగ చేశాను. ఇంకోసారి అదే పని చేశాను. మూడోసారికి ఆగకుండా నేనే సంచి సర్దుకుని వచ్చాను.

నేను వచ్చిన నెలకు ఆమె వచ్చింది. రావడం రావడమే పెద్ద తప్పు చేసింది. మా ప్రాంతంలో పుట్టి ప్లాంటు తిండి తిన్నవాళ్ళు మాత్రమే చేసే తప్పు. మమ్మల్ని షిఫ్టులకు వేసింది.

నిజం. వంటింటి గోడకు పెద్ద అట్ట తగిలించింది. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, జనరల్ షిఫ్టు. ఏ షిఫ్టువాళ్ళకు పొద్దున సైరన్ కూయగానే స్నానం. బీ షిఫ్టువాళ్ళకు మధ్యాహ్నం. నేను ఏ షిఫ్టు. ఆరుగంటలకు సైరన్ కూసింది. ఒకామె తువాలు పట్టుకుని నా మంచం దగ్గరికొచ్చి దుప్పటి లాగింది. నేను లేవలేదు. ఆమె పోయి సూపర్‌వైజరమ్మను పిలుచుకొచ్చింది. టక్కు టక్కు.

"ఏమవ్వా, లేయవా?"

"లేయను."

"నీళ్ళు చల్లారిపోతాయి."

"పోనీ. చూడమ్మే, పుట్టిన కాడ్నుంచి ఎవురో ఒకరు కూతేస్తే లేసినా. మేస్త్రీ కూతేస్తే లేసినా, మొగుడు కూతేస్తే లేసినా, బిడ్డ ఏడిస్తే లేసినా. ఇంగ సైరన్ కూస్తే లేయల్నా? ఇంగ నేను లేసినప్పుడే నాకు తెల్లారాల. నేనేమన్నా లారీలోకెత్తే ఇనుప మన్నా?"

తువాలు పట్టుకున్నామె నోరు మూసుకుని నవ్వింది. సూపర్‌వైజరమ్మ నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను. నాకూ సిద్ధంగానే ఉన్నాయి మాటలు. ఆమె తలుపు దాకా వెనక్కి పోయి, బూట్లు విప్పి, మళ్ళీ లోపలికొచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. నేను మంచం మీద, ఆమె కింద. తల ఎత్తి అడిగింది.

"అయితే నీకి ఎప్పుడు బేకు?"

బేకా అంటే కావాలా, బ్యాడా అంటే వద్దా. మా వైపు తెలుగిళ్ళల్లో ఈ రెండూ కన్నడంలోనే వస్తాయి. నన్ను ఆ మాట అడిగిన మనిషి అంతకు ముందు ఎవరైనా ఉన్నారా అని తర్వాత చాలాసేపు ఆలోచించాను. ఎవరూ తట్టలేదు.

"పొద్దెక్కినంక. కిటికీలోంచి ఎండ నీళ్ళ బకీటు మీద పడినంక," అన్నాను.

మర్నాడు గోడ మీద అట్ట లేదు. పనివాళ్ళు గొణిగారు. "ముప్పై మందికి ముప్పై వేళలాక్కా? మేము సస్తాము." ఆమె చెప్పింది: "క్యాంటీన్లో వేలమందికి అన్నం పెట్టినా. ఒక్కడూ ఆకలైనప్పుడు రాలే, సైరనైనప్పుడు వచ్చిరి. అది ప్లాంటు. ఈడ అట్ల కాదు. నాకి తెలీకపాయ, ఆ యవ్వ చెప్పింది."

తన తప్పును అందరి ముందర ఇట్లా ఒప్పుకునే పైఅధికారిని నేను అంతవరకు చూడలేదు. ఆ రోజు నుంచి ఆమె మాట ఒకటే, రోజుకు వందసార్లు: "బేకా బ్యాడా అడుగు. అడిగినంక చేయి." మాత్ర ఇచ్చేముందు అడుగు. దుప్పటి తీసేముందు అడుగు. బువ్వ మెత్తగా పిసికేముందు అడుగు, పళ్ళు లేకపోయినా కొందరికి గట్టిగా నమలడమే ఇష్టం. వద్దంటే వద్దే. మళ్ళీ కాసేపాగి అడుగు.

పద్ధతులు అడిగినవాళ్ళ కోసం ఇంకొన్ని చెబుతాను. ఒకరోజు తన కళ్ళద్దాలకు కొబ్బరినూనె పూసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. మేము చూసి పిచ్చి పట్టిందనుకున్నాము. వంటింటి మెట్టు దగ్గర తన్నుకుని మోకాలు చెక్కుకుపోయింది. "ఓహో, మీకి ఇట్ల కనిపిస్తాదా!" అంది. సాయంత్రానికల్లా ప్లాంటులో నేల మీద గీతలు కొట్టే పసుపు రంగు తెప్పించి ప్రతి మెట్టు అంచుకూ పూయించింది. కుర్చీలన్నీ ఒకే ఎత్తున ఉంటే, "వీళ్ళ మోకాళ్ళన్నీ ఒకే ఎత్తుండాయా?" అని దారంతో ఒక్కొక్కరి కాలు కొలిచి, వడ్రంగి చేత కాళ్ళు కోయించింది, కొన్నింటికి అతికించింది. టీ గ్లాసు సగమే పోయాలి, చెయ్యి వణికేవాళ్ళకు పరువు దక్కుతుంది. ఇంకో సగం మళ్ళీ పోయొచ్చు. దుప్పట్ల మీద ఎర్ర దుమ్ము పడితే దులపకూడదు, తడిపి తీయాలి, లేకపోతే దగ్గులే. బొరుగుల ఉగ్గాని చేసిన రోజు బజ్జీ తినకూడదని డాక్టరు చెప్పినవాళ్ళకు కూడా ఒక బజ్జీ చూపించి అడగాలి. "వద్దనేది ఆయప్ప పని. అడిగేది మన పని," అనేది. ఈ మాట మీద డాక్టరుతో రెండుసార్లు తగవు పడింది. రెండుసార్లూ బజ్జీ సగం చేసి రాజీ పడ్డారు.

అట్ట తీసేశాక మనిషికొక కాగితం పెట్టింది. మా మా బీరువా తలుపుకు లోపలి వైపు అంటించింది. ఎప్పుడు లేస్తారు, ఏం తింటారు, ఏమంటే కోపం. ఎవరి గురించైనా వాళ్ళ ముందర చదవలేని మాట రాయకూడదని ఆమె నియమం. నా కాగితం నాకు చదివి వినిపించింది. నేను ఊరుకోలేదు.

"నువ్వు రాసేది ఒకటి, చదివేది ఒకటైతే నాకెట్ల తెలుస్తాది?"

"అయితే నేర్చుకో."

"ఈ వయసులోనా?"

"బేకా, బ్యాడా?"

వంటింట్లో కడప బండ అరుగు ఉంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక దాని మీద సుద్దముక్కతో రాయించేది. తడిగుడ్డతో తుడిస్తే నా తప్పులన్నీ పోయేవి, అది నాకు నచ్చింది. కూరలు తరిగేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎన్ని నెలలు పట్టిందో లెక్కపెట్టలేదు. ఒకరోజు బీరువా తలుపు తీసి, వేలు పెట్టి, నా కాగితం నేనే చదివాను. "కోపం ఎక్కువ. అబద్ధం చెప్పదు. కుడి మోకాలు నొప్పి, అడిగితే లేదంటుంది. గొళ్ళెం వేసుకుంటేనే నిద్రపోతుంది."

నేరుగా ఆమె దగ్గరికి పోయాను. "కోపం ఎక్కువని రాస్తావా?" ఆమె పెన్ను నా చేతిలో పెట్టింది. "తప్పైతే కొట్టేయి." కొట్టేయలేదు. దాని కింద నా చేత్తో రాశాను: "కారనం ఉంటేనే." ఆ కాగితం ఇంకా ఉంది, తప్పు దిద్దలేదు.

గొళ్ళెం మాట చెప్పాలి. మేము వచ్చినప్పుడు ఈ గదుల గొళ్ళాలు బయటి వైపు ఉండేవి. రాత్రి పనివాళ్ళు బయట గొళ్ళెం పెట్టి పడుకునేవాళ్ళు, ముసలివాళ్ళు తిరగకుండా. ఆమె వాటిని ఊడబెరికించి లోపలి వైపు వేయించింది. మా అధ్యక్షుడు అరుచుకుంటూ వచ్చాడు.

"లోపల పడిపోతే ఎవురమ్మా తలుపు పగలగొట్టేది?"

ఆమె తలుపు బయట సన్నటి సందు చూపించి, గరిటె కాడ దూర్చి ఎత్తింది. గొళ్ళెం టక్కున లేచింది. "ఇట్ల తీయొచ్చు సార్. ప్రాణం మీదికొస్తేనే. మిగతాప్పుడు తలుపు కొట్టాల."

ఆయన తలుపు కొట్టే రకం కాదు. ఎమ్మిగనూరులో వాళ్ళవి వరి మళ్ళు, తర్వాత ఇనుప మన్ను తోలే లారీలు. వాళ్ళ నాయన మళ్ళల్లో నేను పాతికేళ్ళు నాట్లు వేశాను. తండ్రినీ కొడుకునూ "ధణీ" అని, అంటే దొరా అని, పిలిచేదాన్ని. వాళ్ళింటి వాకిట్లో, గడప ఇవతల కూర్చుని అన్నం తిన్నాను. ఒక్కనాడు గడప దాటలేదు. నా గుడిసెకు తలుపే లేదు, గోనెపట్టా వేలాడేది. ఎవరు కావాలన్నా ఎప్పుడు కావాలన్నా పట్టా ఎత్తి పిలిచేవాళ్ళు. లోపలి గొళ్ళెం నా బతుకులో మొదటిసారి చూసింది ఈ ఇంట్లోనే. అందుకే అది వేసుకుంటేనే నాకు నిద్ర. ఇది ఆమెకు నేను చెప్పలేదు. ఆమే కనిపెట్టి కాగితంలో రాసింది.

తర్వాత నేను పడ్డాను. వానకు ఎర్ర మన్ను తడిసి వంటింటి మెట్టు జారింది. పసుపు గీత కనబడుతూనే ఉంది, దాని మీదే జారాను. తుంటి విరిగింది. బళ్ళారిలో ఆపరేషను చేసి పంపారు. నన్ను గదికి తీసుకుపోలేదు. వెనక హాలుకు తీసుకుపోయారు.

వెనక హాలంటే వరసగా మంచాలు, మంచాలకు కమ్మీలు. తలుపుల్లేవు, ట్యూబులైటు ఆర్పరు. పడ్డవాళ్ళంతా అక్కడికే పోవాలని కమిటీ నియమం. అక్కడికి పోయినవాళ్ళెవరూ ముందు గదులకు తిరిగి రాలేదు. నా గది ఇంకొకరికి ఇవ్వాలని అధ్యక్షుడు చెప్పాడు. నా మంచం కాడే ఆయనా సూపర్‌వైజరమ్మా మాట్లాడుకున్నారు.

"మళ్ళీ పడితే జవాబు నువ్వు చెప్తావా నేను చెప్పల్నా?"

"మంచానికి కట్టేస్తే పడరు సార్, నిజమే. లేయరు గూడా."

"నీ మాటలు అట్ల ఉండనీ. వచ్చే మీటింగుకు నెల ఉండాది. ఆ పొద్దుకు ఆమె తనంతకు తాను నడిచి గదికి పోతే గది ఆమెదే. లేదంటే మాట లేదు."

మర్నాడు ఆమె నన్ను లేపి నిలబెట్టింది. నడిచే స్టాండు ఇచ్చింది. తాను నా వెనక ఒక అడుగు దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వసారా పొడవునా పది అడుగులకొక కుర్చీ వేయించింది. "గది దాకా చూడొద్దు. కుర్చీ దాకానే చూడు," అంది. నొప్పికి నా నోట్లోంచి వచ్చిన తిట్లు ఇక్కడ రాయను, కొన్నింటికి ఒత్తులు నాకు రావు.

"చెయ్యియ్యే, పాపిష్టిదానా!"

"ఇయ్యను. నీ యెనకే ఉండా."

వారం గడిచింది, మొదటి కుర్చీ దాటలేదు. ఒక పొద్దున మంచం మీద అటు తిరిగి పడుకుని, "బ్యాడ. నన్ను ఈడే ఇడ్సిపెట్టు," అన్నాను. బతిమాలుతుందనుకున్నాను. "సరే అవ్వా," అని వెళ్ళిపోయింది. బూట్ల చప్పుడు దూరంగా పోయింది.

ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఇంతటి కసాయిదా అనుకున్నాను. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నన్ను చూస్తూ పోతున్నారు. పక్క మంచం ఆమెకు గుడ్డలు మారుస్తుంటే నేను చూడకుండా కళ్ళు మూసుకున్నాను, నాకు మారుస్తుంటే ఆమె మూసుకుంది. అప్పుడు తెలిసింది, సూపర్‌వైజరమ్మ నా మాట విన్నదని. నేను వద్దంటే అది నిజంగా వద్దే అవుతుందని. పాతికేళ్ళ నాట్లల్లో, ఎంత ఎండకైనా, నేను వద్దంటే ఆగిన పని ఒక్కటి లేదు. ఇక్కడ ఆగింది. ఆగిపోతే ఏమవుతుందో నేనే చూసుకోవాలి.

మూడోనాడు పొద్దున నేనే కబురు పెట్టాను. వచ్చింది. పీట వేసుకుని కింద కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, రెండు రోజులూ ఆమెకూ నిద్ర లేదని ఆ కళ్ళే చెప్పాయి.

"బేకా?"

"బేకు."

అంతే. ఆ పొద్దు రెండో కుర్చీ దాకా పోయాను.

మీటింగు రోజు వచ్చింది. కమిటీవాళ్ళు నా గదిలోనే నిలబడి మంచం ఎక్కడ వేయాలి, బీరువా ఎటు తిప్పాలి అని మాట్లాడుకుంటున్నారని వంటామె వచ్చి చెప్పింది. నేను హాల్లోంచి బయలుదేరాను. స్టాండు, నేను, వెనక ఆమె. ఆ రోజు బూట్లు తొడుక్కోలేదు, ఆమె అడుగు చప్పుడు వినబడక ఉందో లేదో నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే పడతాను, అందుకని చూడలేదు.

వసారాలో కుర్చీలు ఖాళీగా లేవు. ఇంట్లో ఉన్న ముసలివాళ్ళంతా తమాషా చూడడానికొచ్చి నా కుర్చీల్లో కూర్చున్నారు. మొదటి కుర్చీలో రిటైరైన కన్నడ మేష్ట్రు. నేను దగ్గరికి రాగానే ఆయన లేచి నిలబడ్డాడు, నాకు కుర్చీ ఇవ్వడానికి. నేను కూర్చోలేదు. దాటాను. రెండో కుర్చీలో ఉన్నామె లేచింది. దాటాను. మూడోది, నాలుగోది. నేను వస్తుంటే ఒక్కొక్కరే మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకుని లేచి నిలబడుతున్నారు. పుట్టి బుద్ధెరిగి నేను వస్తే కుర్చీలోంచి లేచినవాళ్ళు లేరు. వసారా మొత్తం లేచింది.

"నడువు నడువు, యెనక రద్దీ అయితాండాది!" అని ఎవరో అరిచారు. నవ్వు వస్తే పడతానని పళ్ళు కరుచుకున్నాను.

గది తలుపు తెరిచే ఉంది. లోపల అధ్యక్షుడు, చెప్పులతో.

"జరుగప్పా," అన్నాను. ధణీ అనలేదు. "ఇది నా గది. బయటికి రా."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆయన బయటికొచ్చాడు, ఆయన వెనక మిగతావాళ్ళు. నేను లోపలికి పోయి, తిరిగి, తలుపు మూసి, గొళ్ళెం వేశాను. తుంటి నిప్పులా మండుతోంది. తలుపుకు వీపానించి నిలబడ్డాను. బయట ఆమె గొంతు వినబడింది.

"ఇంగ లోపలికి రావాలంటే తలుపు కొట్టండి సార్. బేకో బ్యాడో ఆమె చెప్తాది."

ఆయన ఆ రోజు తలుపు కొట్టలేదు. కారెక్కి వెళ్ళిపోయాడు. కానీ మాట తప్పలేదు. పడ్డవాళ్ళు ముందు గదులకు తిరిగి రావచ్చని నియమం మార్చారు. నా తర్వాత నలుగురు వచ్చారు.

పోయిన ఏడాది ఆమె పోయింది. ముందురోజు సాయంత్రం దాకా పని చేసి, కూరెకుప్పలో వాళ్ళింటికి పోయి, పడుకుని లేవలేదు. కబురు వచ్చినప్పుడు వంటామె మా గదులన్నీ తిరిగింది, ఏడుస్తూనే తలుపు కొట్టి, ఒక్కొక్కరినీ అడిగింది. "అక్కను చూడను పోతాండాము. నీకి బేకా?" వద్దన్నవాళ్ళను బలవంతం చేయలేదు. నేను పోయాను. ఆ లావు మణికట్టు మీద గడియారం ఇంకా తిరుగుతూ ఉంది.

పద్ధతులు అడిగిన నలుగురికీ మొదట చెప్పవలసింది ఆఖరుకు మిగిలింది. వాళ్ళు నా గదిలోకి ఎట్లా వచ్చారన్నది.

ఆ పొద్దు నేను తలకు నూనె పెట్టుకుంటున్నాను. తలుపు మీద చప్పుడయింది, రెండుసార్లు, మెల్లగా.

"ఎవురు?"

"నేనేవ్వా." అధ్యక్షుడి గొంతు. "దొడ్డవాళ్ళు వచ్చిండారు, నీతో మాట్లాడల్లంట. రావచ్చునా?"

"ఉండప్పా. తల దువ్వుకుంటాండా."

తీరిగ్గా దువ్వుకున్నాను. ముడి వేసుకున్నాను, బాగా లేదని విప్పి మళ్ళీ వేసుకున్నాను. బయట కళ్ళద్దాలాయన గొంతు, "తలుపు నెట్టండి సార్, ముసలామె లేవలేకపోతోందేమో."

"నెట్టకూడదు," అన్నాడు అధ్యక్షుడు. "ఆమె చెప్పాల."

ఎమ్మిగనూరు ధణి కొడుకు నా గడప బయట, చెప్పులు విప్పి చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను స్టాండు పట్టుకుని, పది అడుగులు నడిచి, గొళ్ళెం తీశాను.

"రాండి," అన్నాను.